ఆసరా అమ్మేవారిని అడగవలసిన ప్రశ్నలు



ఈసారి మేము ఎంచుకున్న విషయం కొందరికి వింతగా తోచవచ్చు. నడుం బెల్టులు, మోకాలి క్యాపులు, మెడ కాలర్లు, పిల్లల కాళ్లకు తొడిగే స్ప్లింట్లు, పోలియో వచ్చినవారు వేసుకునే క్యాలిపర్లు. కూలి గురించి, భూమి గురించి, కుల వివక్ష గురించి మాట్లాడవలసిన వేదికకు వీటితో పనేమిటని అడగవచ్చు. పని ఉంది. నొప్పితో ఉన్న పేదవాడి దగ్గర ఉన్న కొద్ది డబ్బును ఎవరు, ఏ మాట చెప్పి తీసుకుంటున్నారన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్నే. ఆ మాట చెప్పడానికి మన సంఘం హాలును, మన మైకును వాడుకుంటున్నప్పుడు అది మన సాక్ష్యానికి సంబంధించిన ప్రశ్న కూడా అవుతుంది.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంతకుముందు అది చిత్తూరు జిల్లాలో భాగం. సరిహద్దు మారింది గాని ఇళ్లలో తెలుగు మారలేదు. తిరుత్తణి, పళ్లిపట్టు, పొదటూరుపేట వైపు మరమగ్గాల దగ్గర రోజంతా నిలబడేవారు, తిరువళ్లూరు చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో మోసేవారు, అంబత్తూరు, గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలకు తెల్లవారుజామునే రైలెక్కి పోయేవారు, వరి మళ్లలో వంగి పనిచేసే తల్లులు, వీళ్లే మన సంఘాల్లో ఎక్కువమంది. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి వీళ్లకు వయసుతో వచ్చే జబ్బు కాదు, పనితో వచ్చేది. ఆసుపత్రి ఎదుటి సర్జికల్ షాపులో వేలాడే బెల్టులకు, ఫోనులో కనిపించే ప్రకటనలకు గిరాకీ తెచ్చేది వీళ్ల నడుములే.

వస్తువు కాదు, వైద్యం

శరీరంలో బలహీనపడిన భాగానికి బయట నుంచి ఇచ్చే ఆసరాను వైద్యులు ఆర్థోసిస్ అంటారు. వాడుకలో బ్రేస్ అంటాం. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది షాపులో సైజు చూసి కొనేది. రెండోది మనిషిని పరీక్షించి, కొలిచి, అతని కోసమే తయారుచేసేది.

రెండో రకం ఎలా తయారవుతుందో చాలామందికి తెలియదు. పక్షవాతం తర్వాత పాదం పైకి లేవక వేలాడే మనిషిని అనుకుందాం. ఆర్థోటిస్టు ముందు అతని నడక చూస్తాడు. కీళ్లు ఎంత కదులుతున్నాయో, కండరాల్లో ఎంత బలం మిగిలిందో, చర్మానికి స్పర్శ ఉందో లేదో పరీక్షిస్తాడు. తర్వాత కాలికి ప్లాస్టరు చుట్టి అచ్చు తీస్తాడు. ఆ అచ్చులో ప్లాస్టరు పోసి కాలి నమూనా తయారుచేస్తాడు. ఎముక పొడుచుకొచ్చే చోట ఒత్తిడి తగ్గేలా దాన్ని సరిదిద్దుతాడు. వేడిచేసిన ప్లాస్టిక్ రేకును దాని మీద పరిచి ఆకారం తెస్తాడు. అంచులు కత్తిరించి, పట్టీలు వేసి, తొడిగి, నడిపించి చూస్తాడు. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ మళ్లీ సరిచేస్తాడు. కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కృత్రిమ అవయవాలకూ ఈ ఆసరా పరికరాలకూ ప్రమాణాలు ప్రకటించింది. అందులో 60 ప్రమాణాలున్నాయి. సేవ ఎలా ఉండాలన్నదానికి అవి చెప్పే క్రమం సులభంగానే అర్థమవుతుంది: పరీక్ష, తయారీ మరియు అమరిక, వాడే విధానం నేర్పడం, ఇచ్చిన తర్వాత మళ్లీ చూడడం. ఈ నాలుగింటిలో మూడు పనులు మనుషుల మధ్య జరిగేవి. వస్తువు తయారయ్యేది ఒక మెట్టులోనే. ప్రకటన ఆ ఒక్క మెట్టును చూపించి మిగిలిన మూడింటినీ దాచేస్తుంది. మా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

పనిచేసే చోట ఎంత బాగా పనిచేస్తుంది

బ్రేసులన్నీ మోసమని మేము అనడం లేదు. అలా అంటే అది కూడా అబద్ధమే అవుతుంది. సరైన మనిషికి, సరైన సమయంలో, సరిగ్గా అమర్చిన బ్రేసు జీవితాన్నే మారుస్తుంది.

పుట్టుకతో పాదాలు లోపలికి వంకరగా తిరిగి ఉన్న పిల్లల సంగతి చూడండి. వారం వారం ప్లాస్టరు కట్లు మారుస్తూ పాదాన్ని మెల్లగా సరిచేసే పద్ధతిని డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటి అమెరికాలోని అయోవాలో అభివృద్ధి చేశారు. కట్లు తీశాక అసలు పరీక్ష మొదలవుతుంది. కడ్డీకి బిగించిన బూట్లను మూడు నెలల పాటు దాదాపు రోజంతా, ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు దాకా నిద్రపోయేటప్పుడు తొడగాలి. మానేస్తే పాదం మళ్లీ వంకర తిరుగుతుంది. వ్యాధి తిరగబెట్టడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే. ఈ చికిత్స కోసం ఉగాండాలో స్థానిక తోలుతో, ఇనుప కడ్డీతో చౌకగా చేసిన బ్రేసు కూడా బాగా పనిచేసింది. ఖరీదు పెరిగితే ఫలితం పెరుగుతుందన్నది నిజం కాదు. బిడ్డ రాత్రి ఏడ్చినప్పుడు బూటు విప్పేయకుండా ఉండేలా తల్లికి ఓపికగా చెప్పే మనిషి ఉన్నాడా లేడా అన్నది ముఖ్యం.

ఎదిగే వయసు పిల్లల్లో వెన్నెముక పక్కకు వంగే స్కోలియోసిస్ కూడా అంతే. అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. బ్రేసు వేసుకున్నవారిలో 72 శాతం మందికి వంపు శస్త్రచికిత్స అవసరమయ్యే స్థాయికి చేరలేదు. బ్రేసు లేకుండా గమనిస్తూ వచ్చినవారిలో అలా బయటపడినవారు 48 శాతం. రోజుకు సుమారు 13 గంటలు, అంతకంటే ఎక్కువ వేసుకున్నవారిలో పదిమందికి తొమ్మిదిమంది దాకా మేలు పొందారు. అయితే ఈ బ్రేసు పని వంపు పెరగకుండా ఆపడమే. వంగిన వెన్నును నెలలో నిలువుగా చేస్తామని ఎవరైనా చెబితే ఆ మాటను ఈ పరిశోధన సమర్థించదు. పైగా అది ఎదుగుదల పూర్తికాని పిల్లల మీద, నిర్ణీత కోణంలో వంపు ఉన్నవారి మీద జరిగిన పరిశోధన. నలభై ఏళ్ల మనిషికి ఫోనులో అమ్మే "భంగిమ సరిచేసే బెల్టు"కు దాని ఫలితాలు వర్తించవు.

పోలియో విషయంలోనూ అంతే. భారతదేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. కానీ అంతకుముందు పోలియో సోకిన పిల్లలు ఇప్పుడు పెద్దవారై మన మధ్యే ఉన్నారు. వారికి క్యాలిపర్ అలంకారం కాదు, బస్సెక్కే కాలు. అది అరిగిపోయినప్పుడు బాగుచేసేవాడు దొరకకపోతే పని పోతుంది.

చెప్పే మాటకూ చేసే మేలుకూ మధ్య దూరం

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పి మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. వేరే జబ్బు కారణంగా కాకుండా వచ్చే మామూలు దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామం, అవగాహన, కొన్ని రకాల ఫిజియోథెరపీ సూచించింది. మామూలుగా ఇవ్వకూడనివాటి జాబితాలో నడుం బెల్టులను, పట్టీలను చేర్చింది. అంటే మన బజారులో ఎక్కువగా వేలాడే వస్తువుల్లో ఒకదాన్ని, ఎక్కువమంది ఏ నొప్పికి కొంటున్నారో ఆ నొప్పికే వద్దని చెప్పింది.

ఎముక విరిగినప్పుడు, ఆపరేషన్ తర్వాత, డాక్టరు ప్రత్యేక కారణంతో కొద్ది కాలం వేసుకోమన్నప్పుడు సంగతి వేరు. అలాంటివారు ఈ సంపాదకీయం చదివి బెల్టు తీసేయకండి, మీ డాక్టరునే అడగండి. కానీ కారణం తెలియని నొప్పికి ఎవరో చెప్పారని బెల్టు కొని, దాన్ని బిగించుకొని అదే బరువు మోస్తూ పోతే నొప్పి వెనుక ఉన్న అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

చిన్నపిల్లల చదును పాదాల మాట కూడా ఇలాంటిదే. చిన్న వయసులో పాదం చదునుగా ఉండడం సహజం. నొప్పి లేకుండా, మెత్తగా వంగే చదును పాదానికి చాలామంది పిల్లల్లో ప్రత్యేక బూట్లు అవసరం లేదు. ఎదుగుతుంటే వంపు దానంతటదే వస్తుంది. కానీ పిల్లవాణ్ణి ఒక యంత్రం మీద నిలబెట్టి, తెర మీద ఎర్ర రంగు చూపించి, "ఇప్పుడే సరిచేయకపోతే పెద్దయ్యాక నడవలేడు" అంటే ఏ తల్లి గుండె ఆగుతుంది? భయపెట్టి అమ్మడం ఇదే.

తప్పుగా అమర్చిన ఆసరా ఊరికే డబ్బు దండగతో పోదు. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ పోయినవారికి బిగుతైన పట్టీ, గట్టి అంచు పుండు చేస్తుంది. నొప్పి తెలియదు గనుక పుండు ముదిరేదాకా వారికి తెలియదు. ఈ పాఠాన్ని లోకానికి గట్టిగా నేర్పినవారిలో ఒకరు మన పొరుగున వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్. కొల్లి కొండల్లో పుట్టిన ఆయన 1946లో వేలూరు వచ్చారు. కుష్ఠు రోగుల పాదాల మీద పుండ్లు వ్యాధి తినేయడం వల్ల కాక, స్పర్శ పోయిన పాదం మీద పదే పదే పడే ఒత్తిడి వల్ల వస్తున్నాయని ఆయన, ఆయన తోటివారు గుర్తించారు. మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరుతో చెప్పులు చేయించారు. ఆ చెప్పుల విలువ రబ్బరులో లేదు. ఏ పాదం మీద ఎక్కడ బరువు పడుతోందో కూర్చొని చూసిన ఓపికలో ఉంది. అదే వేలూరులో 1954లో ప్రమాదానికి గురై నడుము కింద చలనం కోల్పోయిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో నుంచే పునరావాస వైద్యాన్ని నిలబెట్టారు. ఈ రంగంలో క్రైస్తవ సేవకు ఇంత మంచి వారసత్వం మన పక్కనే ఉంది. దాని పేరు నిలబెట్టడం మన బాధ్యత.

చదువుకున్న దేశంలో కూడా

ఈ మోసాలు చదువు లేనిచోటే జరుగుతాయని అనుకోవద్దు. 2019 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ బ్రేసుల కుంభకోణం ఒకటి బయటపెట్టింది. 24 మంది మీద అభియోగాలు మోపింది. ప్రభుత్వ ఆరోగ్య బీమాకు జరిగిన నష్టం 120 కోట్ల డాలర్లకు పైగా ఉంటుందని చెప్పింది. పద్ధతి ఇది: విదేశాల్లోని కాల్ సెంటర్ల నుంచి వృద్ధులకు ఫోన్లు వెళ్లేవి. నడుముకు, మోకాలికి, భుజానికి, మణికట్టుకు బ్రేసు ఉచితం అనేవారు. రోగిని చూడని డాక్టర్లు, కొన్నిసార్లు చిన్న ఫోన్ సంభాషణతోనే, చీటీ రాసేవారు. ఆ చీటీలను పరికరాల కంపెనీలు కొనేవి, బిల్లు ప్రభుత్వానికి వెళ్లేది. బ్రేసు అవసరమా లేదా అని ఎవరూ అడగలేదు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఉచితం అన్న మాట వినగానే ప్రశ్న మానేయకూడదు, ఆ బిల్లు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కడతారు. రోగిని తాకకుండా, నడిపించి చూడకుండా రాసిన చీటీ వైద్యం కాదు, వ్యాపారం.

మన దేశంలో రోగిని పంపినందుకు డాక్టరు కమిషన్ తీసుకోవడం కొత్తగా తప్పు కాలేదు. 2002 నాటి వైద్యుల నైతిక నియమావళి దాన్ని స్పష్టంగా నిషేధించింది. మందుల కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే కానుకలను వ్యాపార ఖర్చుగా చూపి పన్ను మినహాయింపు పొందకూడదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2024లో కేంద్ర ప్రభుత్వం వైద్య పరికరాల కంపెనీలకు కూడా మార్కెటింగ్ నియమావళి తెచ్చి, వైద్యులకు, వారి కుటుంబాలకు కానుకలు ఇవ్వకూడదంది. నియమాలు ఉన్నాయి. చీటీ రాసినచోటు నుంచి ఫలానా షాపుకే వెళ్లమన్నప్పుడు "వేరే చోట తీసుకోవచ్చా, డాక్టరు గారూ?" అని అడిగే ధైర్యం మన దగ్గర ఉండాలి.

ఎవరికి అర్హత ఉంది

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం 1992లో వచ్చింది. కృత్రిమ అవయవాలు, ఆసరా పరికరాలు అమర్చే ప్రాస్తెటిస్టులు, ఆర్థోటిస్టులు ఆ కౌన్సిల్ దగ్గర నమోదు కావలసిన వృత్తి నిపుణుల్లో ఉన్నారు. గుర్తింపు ఉన్న చదువు లేకుండా, రిజిస్టరులో పేరు లేకుండా పునరావాస నిపుణుడిగా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయల జరిమానా ఈ రోజుల్లో ఎవరినీ భయపెట్టదు. కానీ రిజిస్ట్రేషన్ నంబరు అడిగే హక్కు మనకు ఉంది. నిజమైన నిపుణుడు అడిగితే నొచ్చుకోడు, సంతోషంగా చెబుతాడు.

ఇక్కడ న్యాయంగా రెండు మాటలు చెప్పాలి. మోకాలి క్యాపు అమ్ముకునే చిన్న దుకాణదారు చట్టం తప్పాడని మేము అనడం లేదు. అతను అమ్మకందారుగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. తెల్లకోటు వేసుకొని "డాక్టరు" అయినప్పుడే ఇబ్బంది. రెండో మాట, డిగ్రీ లేని చేతి పనివాడిని చిన్నచూపు చూడకూడదు. ప్రపంచమంతా పేరు పొందిన జైపూర్ పాదాన్ని డాక్టర్ పి.కె. సేఠీతో కలిసి రూపొందించిన రామచంద్ర శర్మ పెద్దగా చదువుకోని శిల్పి. అయితే ఆయన వైద్యుల పక్కన నిలబడి, రోగి నడకను చూస్తూ పనిచేశారు. అనుభవానికి విలువ ఉంది, కానీ దానికి జవాబుదారీతనం తోడు కావాలి.

మన ప్రాంతంలో దీనికి దగ్గరి ఉదాహరణ పుత్తూరు కట్టు. తిరుత్తణి నుంచి నగరి మీదుగా వెళ్తే వచ్చే పుత్తూరు దగ్గర ఒక కుటుంబం తరతరాలుగా విరిగిన ఎముకలకు కట్లు కడుతోంది. ఆ పేరు ఎంత పెద్దదైందంటే చెన్నైలో, తమిళనాడు ఊళ్లలో "పుత్తూరు కట్టు" అన్న బోర్డులు కనిపిస్తాయి. ఆ బోర్డు వెనుక కట్టు కట్టేవారు ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది బోర్డు చెప్పదు. కట్టు మరీ బిగిస్తే రక్తప్రసరణ ఆగి చేయి, కాలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. వేళ్లు చల్లబడినా, నల్లబడినా, స్పర్శ తగ్గినా, భరించలేని నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. పేరు ఒక చోటిది, చేయి ఇంకొకరిది అయినప్పుడు అడగడం అవమానం కాదు, జాగ్రత్త.

మన హాలు, మన మైకు

ఇప్పుడు మన ఇంటి మాట. ఆదివారం ఆరాధన అయ్యాక "ఉచిత ఎముకల పరీక్ష శిబిరం" అని ప్రకటన వస్తుంది. పాస్టరు గారు మంచి మనసుతోనే ఒప్పుకుంటారు. ముసలివాళ్లు వరుసలో కూర్చుంటారు. ఒక్కొక్కరికి రెండు నిమిషాల పరీక్ష, ఆ వెంటనే "మీకు ఈ బెల్టు కావాలి, ఈ రోజు మాత్రమే తగ్గింపు" అన్న మాట. పరీక్ష ఉచితం, బెల్టు ఉచితం కాదు. అది కొన్నది కంపెనీని నమ్మి కాదు, పాస్టరు గారిని నమ్మి. మరుసటి వారం ఆ బల్ల అక్కడ ఉండదు. బెల్టు ఒరుసుకొని చర్మం లేచిపోతే ఆ అమ్మ ఎవరి దగ్గరికి పోవాలి?

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ విషయంలో మనకు ఒక హెచ్చరిక చేస్తోంది. తప్పుదోవ పట్టించే ప్రకటన చేసిన తయారీదారుకే కాదు, దాన్ని బలపరుస్తూ మాట్లాడినవారికి కూడా పది లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం ఆ చట్టం ఇచ్చింది. తగినంత విచారించి మాట్లాడినవారికి ఆ శిక్ష వర్తించదని కూడా చెప్పింది. విచారించి మాట్లాడమని చట్టమే చెబుతుంటే, మనం అంతకంటే తక్కువ జాగ్రత్తతో మైకు ఇవ్వవచ్చా? "ఈ బెల్టుతో నాకు స్వస్థత వచ్చింది" అన్న మాటను సాక్ష్యంగా వేదిక మీద చెప్పించడం మరీ తప్పు. దేవుని కార్యానికి వాడే మాటను సరుకు అమ్మకానికి వాడకూడదు.

తూకంలో మోసం చేసి పేదవాణ్ణి దోచేవారిని ఆమోసు ప్రవక్త ఎంత కఠినంగా గద్దించాడో మనకు తెలుసు. కొలవకుండా అమ్మడం కూడా తప్పుడు తూకమే. మంచి సమరయుని సంగతి కూడా తలచుకోండి. గాయాలు కట్టడంతో అతని పని అయిపోలేదు. పూటకూళ్లవాడికి డబ్బిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. తిరిగి వస్తానన్న ఆ మాటలోనే నిజమైన సేవకూ అమ్మకానికీ తేడా కనబడుతుంది. అమ్మేవాడు వెళ్లిపోతాడు, సేవ చేసేవాడు మళ్లీ వస్తాడు.

ఏమి చేద్దాం

సంఘ పెద్దలకు మా మనవి: ఏ శిబిరానికైనా హాలు ఇచ్చే ముందు, ఏ కుటుంబమైనా డబ్బు చెల్లించే ముందు, ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

1. పరీక్షించేది ఎవరు? ఆయన చదువు ఏమిటి, రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి?
2. ఈ ఆసరా దేనికి? నొప్పి తగ్గించడానికా, నడక కోసమా, వంపు పెరగకుండా ఆపడానికా? ఎంతకాలం వేసుకోవాలి?
3. ఇది లేకుండా వేరే మార్గం ఉందా? వ్యాయామంతో, పని తీరు మార్చుకోవడంతో తగ్గుతుందా?
4. ఒరుసుకుంటే, విరిగితే, పిల్లవాడు ఎదిగి బిగుతైతే మళ్లీ ఎవరు, ఎక్కడ, ఏ తేదీన చూస్తారు?
5. బిల్లు ఇస్తారా? వాడే విధానం తెలుగులో వివరిస్తారా?

ఐదో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది, కానీ మనకు అది చాలా ముఖ్యం. చీటీ ఇంగ్లీషులో, బిల్లు తమిళంలో, వినేది తెలుగులో అయ్యేచోట సగం సూచనలు దారిలోనే పోతాయి. ఒక ముఖ్యమైన సూచన ఇక్కడే చెబుతున్నాం: కొత్త బ్రేసు విప్పిన తర్వాత చర్మం మీద ఎర్రని గుర్తు అరగంటలో పోకపోతే అది సరిగ్గా అమరలేదని అర్థం. వాడడం ఆపి, ఇచ్చినవారి దగ్గరికి తీసుకెళ్లాలి. షుగరు ఉన్నవారు రోజూ పాదాలు చూసుకోవాలి, తమకు కనబడకపోతే ఇంట్లోవాళ్లతో చూపించుకోవాలి.

డబ్బు పెట్టే ముందు ప్రభుత్వ మార్గాలు చూడండి. తిరువళ్లూరులో 2022లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. చెన్నై కె.కె. నగర్‌లోని ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థలో కృత్రిమ అవయవాలు, క్యాలిపర్లు తయారవుతాయి. ముట్టుకాడులో బహుళ వైకల్యాలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది. జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 40 శాతం, ఆపైన వైకల్య ధ్రువీకరణ, ఆదాయ పరిమితి ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద పరికరాలు ఇస్తారు. 2021లో మొదలైన తమిళనాడు ప్రభుత్వ "మక్కళై తేడి మరుత్తువం" పథకంలో ఫిజియోథెరపీ ఇంటి దగ్గరికే వస్తుంది. మోసపోయామని అనిపిస్తే బిల్లు దాచుకొని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు.

యౌవనస్థులారా, మీకు రెండు పనులు అప్పగిస్తున్నాం. ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు కలిసి, క్యాలిపరు పాడైపోయి ఇంట్లోనే ఉండిపోయినవారు, బ్రేసు మానేసిన పిల్లలు, పక్షవాతం తర్వాత నడక ఆగిపోయినవారు ఎవరెవరో పట్టిక రాయండి. వారిని ఆసుపత్రికి ఒకసారి తీసుకెళ్లి ఆగకండి, రెండోసారి కూడా తీసుకెళ్లండి. దరఖాస్తు తమిళంలో నింపడం, చీటీ చదివి తెలుగులో చెప్పడం మీరు చేయగలరు. రెండోది, ప్లస్ టూలో సైన్సు చదివేవారు ఈ వృత్తిని గురించి ఆలోచించండి. ప్రాస్తెటిక్స్, ఆర్థోటిక్స్‌లో డిగ్రీ కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు. డాక్టరు సీటు రాలేదని బాధపడే ఇళ్లలో ఈ చదువు పేరు కూడా వినబడదు. చేతి నైపుణ్యం తరతరాలుగా ఉన్న మన కుటుంబాల్లో, తోలుతో, మగ్గంతో, ఇనుముతో పనిచేసినవారి పిల్లల్లో, ఈ పనికి కావలసిన చేతులున్నాయి. ఆ చేతులను లోకం చాలాకాలం తక్కువగా చూసింది. పడిపోయినవాణ్ణి నిలబెట్టే పనిలో అవే ముందుండాలని మా కోరిక.

వచ్చే సంఘ కమిటీ సమావేశంలో ఈ ఐదు ప్రశ్నలను చదివి, తీర్మానంగా రాసుకోండి. హాలు తలుపు మీద అంటించండి. నిజాయితీగా పనిచేసే నిపుణులు వాటిని చూసి లోపలికి వస్తారు. జవాబు లేనివారు బయటి నుంచే తిరిగి పోతారు. నొప్పితో మన దగ్గరికి వచ్చినవారిని కాపాడే వివేకాన్ని, వారితో చివరిదాకా నడిచే ఓపికను ప్రభువు మనందరికీ దయచేయును గాక.